అత్తగారి చేతి రుచి

“రుచి తెలియకపోతే ఏం, వంట చేసేది చేతులతో కదా” అన్నాడు ఆమె భర్త, పత్రికలోంచి తల ఎత్తకుండా.

ఆమె అప్పుడు సింకు ముందు నిలబడి పండుగ షరబత్తు కోసం ద్రాక్షపళ్ళు కడుగుతోంది. పదహారు కిలోల నల్లద్రాక్ష. ఒక్కో పండూ కాడ తుంచాలి, చితికినది పక్కన పడెయ్యాలి, మూడు నీళ్ళలో కడగాలి, గుడ్డ మీద ఆరబెట్టాలి. తనకి రుచీ వాసనా రెండూ తెలియడం లేదని, జ్వరం తగ్గి నెల దాటినా ముక్కు బండరాయిలా ఉందని, డాక్టరుకి చూపించుకుంటానని చెప్పింది. చెప్పడం ఇది మూడోసారి. మొదటిసారి, జలుబు తగ్గితే అదే వస్తుందన్నాడు. రెండోసారి, పండుగ అయ్యాక చూద్దామన్నాడు. ఇది మూడోది. మూడోసారికి ఆమెకి కోపం కూడా రాలేదు. కోపానికి కూడా ఒక వాసన ఉంటుంది కాబోలు, అదీ పోయింది.

వాసన పోయిన సంగతి ఆమె కనిపెట్టింది కూడా కాదు. జ్వరం నాలుగో రోజున, ఇంట్లో వంట ఎవరు చెయ్యాలన్న మాట ఎవరూ ఎత్తకపోవడంతో తనే లేచి పాలు పొయ్యి మీద పెట్టింది. పక్కనే నిలబడి ఉల్లిపాయలు తరుగుతోంది. పాలు పొంగి, ఇగిరి, అడుగంటి, గిన్నె నల్లబడింది. రెండు వీధుల అవతల ఉండే ఆడబిడ్డ ఆ పూటకి ఏదో పనిమీద వచ్చి, గుమ్మంలోనే ముక్కు మూసుకుని, మాడు వాసన వీధి చివరికి కొడుతుంటే ఈవిడగారు పక్కనే నిలబడి తపస్సు చేస్తోందని తమ్ముడికి చెప్పింది. ముక్కు ఇంట్లో పెట్టుకుని తిరుగుతోందా, ఎవరికైనా అరువిచ్చిందా అని కూడా అడిగింది. అందరూ నవ్వారు. మామగారు కూడా నవ్వారు. ఆమె గిన్నె నానబెట్టింది.

అది దేవుడు తిరిగే ఇల్లు. పొద్దున ఒక ప్రార్థన, సాయంత్రం ఒక ప్రార్థన. మామగారు వీధిలోని ప్రార్థన బృందానికి పెద్ద. ఆయన గొంతు తగ్గినప్పటి నుంచీ గ్రంథం చదివేది ఆమె భర్త. చదువుతున్నంతసేపూ ఇంట్లో గిన్నె చప్పుడు వినపడకూడదు, కానీ చదవడం అయ్యేసరికి ఫలహారం సిద్ధంగా ఉండాలి. ఈ రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయని పందొమ్మిదేళ్ళలో ఒక్కరూ అడగలేదు. ఆమె కుదిర్చింది కాబట్టి అడగలేదు. గరిటె కింద తడిగుడ్డ వేసుకుని, మూత అరచేత్తో పట్టుకుని, మునివేళ్ళ మీద నడిచే దొంగలాగా సొంత వంటింట్లో తిరగడం నేర్చుకుంది.

ఏటా పండుగనాడు ఆ బృందం అరవైమందీ ఈ ఇంటికే వస్తారు. ప్రార్థన తరవాత ద్రాక్ష షరబత్తు ఇస్తారు. దానికి ఊరంతా ఒక పేరుంది: అత్తగారి షరబత్తు. ఆ అత్తగారిని ఆమె ఫొటోలో తప్ప చూడలేదు. పెళ్ళికి ఏడాది ముందే పోయింది. పోతూపోతూ ఏ కాగితమూ రాసి పెట్టలేదు, ఎవరికీ నేర్పలేదు. పెళ్ళైన మొదటి పండుగకి ఆడబిడ్డ వచ్చి ద్రాక్ష, పంచదార, అల్లం, కాచి చల్లార్చిన నీళ్ళు అని వేళ్ళ మీద చెప్పి, మిగతాది మా అమ్మకే తెలుసు అని చేతులు దులుపుకుని వెళ్ళిపోయింది. ఆ మిగతాదంతా ఆమె తన ముక్కుతో కనిపెట్టుకుంది.

ఎందుకు ముక్కుతో అంటే, నాలుకతో కుదరదు. దేవుడి ముందు పెట్టేదాకా ఆ షరబత్తు ఎవరూ చుక్క నోట్లో వేసుకోకూడదు. వేసుకుంటే ఎంగిలి. ఎంగిలైతే జాడీ మొత్తం పారబోయాల్సిందే. సరే, దేవుడి తరవాత? దేవుడి తరవాత భర్త, ఆయన తరవాత మామగారు, ఆ తరవాత బృందం, వాళ్ళ పిల్లలు, ఆలస్యంగా వచ్చినవాళ్ళు, రాలేనివాళ్ళకి సీసాలు. మిగిలితే నువ్వూ తాగుదువుగానిలే అని మొదటి ఏడు భర్త ముద్దుగానే అన్నాడు. మిగల్లేదు. ఒక ఏడు ఒక్క గ్లాసు మిగిలింది. మూతపెట్టి దాచుకుంది. ఆయన స్నేహితుడెవరో వస్తే అదీ వెళ్ళిపోయింది. తరవాత దాచడం మానేసింది. పందొమ్మిదేళ్ళుగా జాడీలకొద్దీ షరబత్తు చేసిన మనిషి ఆ షరబత్తు ఎలా ఉంటుందో ఎరగదు. ఇది ఎవరికి చెప్పినా నమ్మరు. ఆమెకే ఒక్కోసారి నమ్మబుద్ధి కాదు.

వాసన మాత్రం ఆమెకి తెలుసు. మొదటి మూడు రోజులు పచ్చి తొక్క వాసన. అయిదో రోజుకి తడిసిన చెక్క వాసన. ఎనిమిదికి బాగా మగ్గిన పండు, దాని వెనకాల ఎక్కడో అల్లం. అప్పట్నుంచి రోజుకి మూడుసార్లు గుడ్డ విప్పి చూడాలి. ఒకనాడు ఆ వాసనలన్నీ కలిసిపోయి, గొడవ సద్దుమణిగిన ఇల్లులా జాడీ నిమ్మళిస్తుంది. ఆ పూటే వడగట్టెయ్యాలి. ఒక్కరోజు ఆలస్యమైతే ముక్కులో సూది గుచ్చినట్టు ఘాటు. రెండు రోజులైతే పులుపు తిరుగుతుంది, ఇంక దేవుడు దిగొచ్చినా బాగుచెయ్యలేడు. ఎండ ఎక్కువుంటే పదో రోజు, చల్లగా ఉంటే పధ్నాలుగో రోజు. ఏ రోజో చెప్పేది ఆ ముక్కే. ఆ చదువు ఆమెకి ఏ బడీ నేర్పలేదు, ఏ అత్తా నేర్పలేదు.

పండుగనాడు మాత్రం భర్త గ్లాసు ఎత్తి, ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకుని, “అచ్చం మా అమ్మ చేతి రుచి” అంటాడు. అది ప్రార్థనలో చివరి మాటలాగా అయిపోయింది. అందరూ తలలూపి తాగుతారు. ఆ సమయంలో ఆమె వంటింటి తలుపు వెనక ఉంటుంది. ఎందుకంటే ద్రాక్ష నలిపి నలిపి చేతులు మోచేతులదాకా ఊదారంగు తిరిగి ఉంటాయి. చూసేవాళ్ళకి బాగుండదు, నువ్వు ఇవతలికి రాకు అని మొదటి ఏడే చెప్పారు. ఆ రంగు పోవడానికి పది రోజులు పడుతుంది. ఆస్పత్రిలో రికార్డుల గదిలో ఆమె ఉద్యోగం. పాత ఫైళ్ళు వెతికి అందించాలి. అక్కడి ఆఫీసరు ఏటా ఆ పది రోజులూ ఏమ్మా ఏదైనా అంటుజబ్బా అని అడిగి, ఫైలు బల్ల మీద పెట్టమని, పెట్టాక రెండు వేళ్ళతో తీసుకుంటాడు. ఆమె ఏటా పండుగ పని సార్ అంటుంది. ఆయన ఏటా మర్చిపోతాడు.

గరిటె సంగతి కూడా చెప్పుకోవాలి. రోజూ తెల్లారగానే జాడీ కలిపే చెక్కగరిటె అత్తగారిదని, దాన్ని వేరే పనికి వాడకూడదని, తెల్లగుడ్డలో చుట్టి దేవుడి అలమరలో పెడతారు. పండుగనాడు మామగారు దాన్ని కళ్ళకద్దుకుంటారు. నిజానికి అత్తగారి గరిటె మూడో ఏడే విరిగింది. ఆమె భయపడి, ఆఫీసు నుంచి వస్తూ బజారు మూల కొట్టులో అలాంటిదే ఇంకోటి కొని, వారంపాటు టీ నీళ్ళలో నానబెట్టి పాతదిలా చేసి, గుడ్డలో చుట్టి పెట్టేసింది. ఎవరూ పోల్చుకోలేదు. ఆ ఏడు కూడా మామగారు కళ్ళకద్దుకున్నారు. అప్పుడామెకి నవ్వొచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రావడం లేదు.

ఈ ఏడు ఇంకో విశేషం ఉంది. కూతురికి పదిహేనేళ్ళు నిండాయి. ఇంట్లో అందరూ పాప అనే పిలుస్తారు. పండుగనాడు అందరి ముందూ నానమ్మ గరిటె పాప చేతికి అప్పగిస్తానని మామగారు చెప్పారు. వచ్చే ఏటినుంచి షరబత్తు పాప చెయ్యాలి. ఆ మాట ఆయన బహుమతి ఇచ్చేవాడిలా చెప్పారు. ఆడబిడ్డ కళ్ళు తుడుచుకుంది. పాప తల్లి వంక చూసింది. ఆ సాయంత్రం ద్రాక్షకాడలు తుంచుతూ కూర్చుని, “నాకొద్దు అంటే ఏమవుతుందమ్మా?” అని అడిగింది.

“అనకూడదు” అంది ఆమె. ఆలోచించి అన్నది కాదు. తుమ్ములాగా వచ్చేసింది. వచ్చాక, ఆ గొంతు ఎవరిదా అనుకుంది. ఎన్నడూ చూడని అత్తగారిదే అయ్యుండాలి. పాప చేతులు తెల్లగా, వేళ్ళ చివర కాస్త సిరా మరకతో ఉన్నాయి. ఆమె ఆ చేతుల వంకే చూస్తూ కూర్చుంది. ఏడుపు రావాలి కదా అనుకుంది. రాలేదు. లోపల ఎవరో సామాన్లన్నీ ఎత్తుకుపోయి ఖాళీ ఇంటికి తాళం వేసినట్టుంది.

నాలుగు జాడీలూ నిండాయి. గుడ్డలు కట్టింది. రోజూ కలిపింది. గుడ్డ విప్పి ముఖం దగ్గరగా పెడితే ఏమీ లేదు. నీళ్ళ తొట్టిలో తల పెట్టినట్టు. ఈ ఏడు ఎండలు కూడా మండిపోయాయి. ఎనిమిదో రోజు ఆమె పాపని పిలిచి, కొంచెం వాసన చూసి చెప్పు, పండు వాసనా, ఘాటు వాసనా అంది. పాప వంగబోతుంటే ఆడబిడ్డ వంటింట్లోకి వచ్చింది. వచ్చి, అదేం పని, వాసన చూడటమంటే సగం ఎంగిలి చెయ్యడమే, మా అమ్మ ఏనాడూ జాడీ దగ్గర ముక్కు పెట్టి ఎరగదు అంది. సగం ఎంగిలి అనేదొకటుందని ఆమె అప్పుడే విన్నది. అంటే తను పందొమ్మిదేళ్ళుగా దేవుడికి సగం ఎంగిలి పెడుతోందన్నమాట. పాప గుడ్డ కట్టేసి పక్కకి తప్పుకుంది.

ఇక రోజుల లెక్కే దిక్కు. పదో రోజుకి ధైర్యం చాలక, పదికీ పధ్నాలుగుకీ మధ్యన పన్నెండో రోజు వడగట్టింది. రంగు బాగానే ఉంది. పండుగ ముందురోజు సాయంత్రం భర్త చెప్పులు విప్పుతుండగా దగ్గరికి వెళ్ళి, ఈసారి నాకు నమ్మకం లేదు, ఎవరైనా ఒక్క చుక్క చూస్తే బాగుంటుంది అంది. పందొమ్మిదేళ్ళుగా చూడకుండానే చేశావుగా అన్నాడు. అప్పుడు ముక్కుంది అంది. ఆయన నవ్వి, భుజం తట్టి, “నువ్వెందుకు కంగారు పడతావు, అంతా అమ్మ చూసుకుంటుంది” అన్నాడు. చచ్చిపోయిన మనిషికి వంటింటి డ్యూటీ వేసి ఆయన స్నానానికి వెళ్ళాడు. ఆమె వెళ్ళి అరవై గ్లాసులు తోమింది.

పండుగ పొద్దున హాల్లో చాపలు పరిచారు. బృందం వచ్చింది. దర్జీ వచ్చాడు, మందుల షాపాయన వచ్చాడు, ఎవరేమన్నా సరేనంటుందని అందరూ సరేనమ్మ అని పిలిచే ముసలావిడ వచ్చి ముందు వరసలో కూర్చుంది. దేవుడి ముందు జాడీ పెట్టారు. పాప గ్లాసులు పంచింది. ఆమె తలుపు వెనక తన చోట తను నిలబడింది. సందులోంచి భర్త ముఖం సరిగ్గా కనపడుతుంది. పందొమ్మిదేళ్ళుగా చూస్తున్న దృశ్యం.

ప్రార్థన అయింది. భర్త గ్లాసు ఎత్తాడు. నోటికి పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. గుక్క ఇంకా నోట్లోనే ఉంది, గొంతు దిగలేదు, వేలు ఒకటి పైకెత్తి ఆగమన్నట్టు సైగ చేశాడు. తరవాత మింగాడు. మింగుతుంటే మెడనరాలు తేలాయి. మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారాయి.

“అచ్చం మా అమ్మ చేతి రుచి” అన్నాడు. గొంతు బొంగురుపోయింది.

ఆయన కళ్ళనీళ్ళు చూసి హాలంతా కదిలిపోయింది. అందరూ గ్లాసులెత్తారు. ఆమె చూస్తూనే ఉంది. దర్జీకి పొలమారింది, భార్య వీపు మీద చరిచింది, ఆయన దగ్గుతూనే అద్భుతం అన్నాడు. మందుల షాపాయన తన మందుని తనే తాగినట్టు ముఖం పెట్టి, ఒక్క ఊపులో లోపలికి పంపేసి, పెద్దావిడ పుణ్యం అన్నాడు. దేవుడి ముందు పెట్టింది వదిలెయ్యకూడదు, ఉమ్మకూడదు. పిల్లల ముక్కులు మూసి తాగించారు. మామగారు సగం తాగి ఆగి, కళ్ళు తుడుచుకుని, ఇవాళ ఆవిడే ఇంట్లో తిరుగుతున్నట్టుంది అన్నారు. ఇంకో గ్లాసు పొయ్యమంటారా అని ఎవరో అడిగితే సరేనమ్మ అలవాటుకొద్దీ సరే అంది. పోశారు. పాపం, అదీ తాగింది.

తలుపు వెనక ఆమెకి మొదట ఏమీ అర్థం కాలేదు. కన్నీళ్ళు, పొలమారడం, నొసళ్ళు ముడవడం. తరవాత ఒక్కొక్కటే అర్థమైంది. షరబత్తు పులిసిపోయింది. పులిసిపోయిన షరబత్తు తాగి కూడా అత్తగారి చేతి రుచే అంటున్నారు. అంటే ఇన్నేళ్ళూ వీళ్ళు తాగింది షరబత్తు కాదు. ఆ మాట తాగారు. తను ఎండ చూసి, వాన చూసి, రోజుకి మూడుసార్లు గుడ్డ విప్పి, ఆ ఒక్క పూట కోసం కాచుకున్నదంతా ఎవరి నాలుక మీదా పడలేదు. తను రుచి చూడలేదు, సరే. వాళ్ళూ చూడలేదు.

పాప సగం గ్లాసు పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. “చాలా పుల్లగా ఉందమ్మా. గొంతు మండుతోంది” అంది, రహస్యం చెబుతున్నట్టు. తరవాత కంగారుగా, “కానీ పోయినేడు చాలా బాగుంది. ఆ ముందేడు అంతకన్నా బాగుంది, చివర్లో అల్లం వచ్చేది. నువ్వు తాగావుగా?” అని అడిగింది.

ఆమె లేదంది.

“ఎప్పుడూ?”

ఎప్పుడూ లేదంది. పాప ఏదో అనబోయింది, ఈలోపు భర్త వచ్చాడు. కుండలోంచి ఒక చెంబుడు మంచినీళ్ళు గటగటా తాగి, హాల్లోకి వినపడకుండా, పళ్ళ మధ్యనుంచి అన్నాడు.

“ఏం చేసి చచ్చావు నువ్వు? అది షరబత్తా? విషంలా ఉంది.”

ఆమె ఆయన వంక చూసింది. పందొమ్మిదేళ్ళలో ఆ షరబత్తు నువ్వు చేశావు అని ఆయన అనడం ఇదే మొదటిసారి. బాగున్నన్నాళ్ళూ అమ్మ చేసింది. చెడిన రోజున భార్య చేసింది. దెబ్బ తగలాల్సిన చోట తగిలిందో లేదో ఆమెకి తెలియలేదు. తిమ్మిరెక్కిన కాలు నేలకి ఆనిస్తే అది నేలో కాదో తెలియదు చూడండి, అలా ఉంది. కానీ తిమ్మిరి వదిలేముందు కూడా అలాగే ఉంటుంది.

హాల్లోంచి మామగారు పిలిచారు. పాపని రమ్మంటున్నారు. గరిటె అప్పగింత. భర్త మూతి తుడుచుకుని ముఖం సర్దుకుని పాప భుజం మీద చెయ్యి వేసి నడిపించుకెళ్ళాడు. పాప ఒక్కసారి వెనక్కి చూసింది, ఏమీ అడగలేదు. అనకూడదని తల్లి చెప్పింది కదా. ఆ చూపు ఆమెకి ఎక్కడో తగిలింది. ఎక్కడో స్పష్టంగా తెలియదు, తగలడం మాత్రం తెలిసింది.

ఆమె పాప వదిలేసిన గ్లాసు తీసుకుని హాల్లోకి నడిచింది. మోచేతులదాకా ఊదారంగుతో. ఆడబిడ్డ లోపలికి వెళ్ళమని కళ్ళతో సైగ చేసింది. మామగారు తెల్లగుడ్డ విప్పి, గరిటె రెండు చేతులతో పట్టుకుని, ఇది మీ నానమ్మ గరిటె, ఈ ఇంటి పరువు అని చెబుతున్నారు. పాప చెయ్యి సగం లేచి ఉంది.

ఆ చెయ్యి అందుకోకముందే ఆమె మామగారి చేతిలోంచి గరిటె తీసుకుంది. లాక్కోలేదు, తీసుకుంది. ఆస్పత్రిలో ఫైలు తీసుకున్నంత మామూలుగా. దాన్ని గ్లాసులో ముంచింది. నోట్లో పెట్టుకుంది. ముందువైపు, వెనకవైపు, అంచుల వెంట, తీరిగ్గా నాకింది. రుచి ఏమీ తెలియలేదు. నాలుక చివర సన్నగా ఏదో చురుక్కుమంది. పులుపో, ఊరికే అనిపించిందో. రేపు ఆఫీసుకి వెళ్ళగానే మొదట డాక్టరు దగ్గర చీటీ రాయించుకోవాలి అనుకుంది.

“ఎంగిలి చేసేశావే” అంది ఆడబిడ్డ.

“చేశాను వదినా. మొత్తం ఎంగిలే, సగం కాదు. ఎంగిలి గరిటె పాప చేతికి ఇవ్వకూడదుగా.”

మామగారు గోడకున్న ఫొటో వంక చూశారు, ఆవిడే ఏదైనా అంటుందేమోనని. భర్త లేచి నిలబడ్డాడు. లోపల మాట్లాడుకుందాం పద అన్నాడు, నవ్వు తెచ్చిపెట్టుకుని. సరేనమ్మ మాత్రం రెండో గ్లాసు కింద పెట్టి, ఏమీ అనకుండా, జరిగేది శ్రద్ధగా చూస్తోంది.

ఆమె తడి గరిటెని భర్త చేతిలో పెట్టి, ఆయన వేళ్ళని దాని చుట్టూ మూసింది. ఊదారంగు ఆయన చేతికి అంటుకుంది.

“వచ్చే ఏడు మీరు చెయ్యండి. మీ అమ్మ చేతి రుచి, కొడుకు చేతికి రాక ఎక్కడికి పోతుంది?” అంది. “ఇది ఎంగిలైందని దిగులొద్దు. బజారు మూల కొట్లో ఇలాంటివి దొరుకుతాయి. ఇదీ నేను అక్కడ కొన్నదే.”